ఎముకల పరిశోధన – దాని వెనుకటి దస్త్రం

అనంతపురం జిల్లాలో, తాడిపత్రికి వాయవ్యంగా, యాడికి అనే ఊరు ఉన్నది. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే కరువు జిల్లా అది. ఆ ఊరి చుట్టూ ఉన్నది సున్నపురాతి నేల. ఒకమారు గ్రామీణ కార్యక్రమం నిమిత్తం రికార్డింగు యంత్రం వెంటబెట్టుకొని మేము ఆ వైపు వెళ్లినాము. మాటలు వానల మీదుగా సాగి, బావుల మీదికి మళ్లినవి. నడుము వంగిన అవ్వ ఒకామె మా యంత్రాన్ని పరకాయించి చూచి ఇట్లా అడిగినది: "మీరూ పట్టుకపోతారా నాయనా? మునుపొకసారి ఎవరో వచ్చి బాయినీళ్లు సీసాల్లో పట్టుకపాయిరి. పేర్లు రాసుకపాయిరి. ఏం తేలిందో మళ్లా వచ్చి చెప్పినోళ్లు లేరు."

ఆ మాటకు అప్పుడు మా వద్ద సమాధానం లేకపోయినది. కాని ఆ ప్రశ్న మాత్రం మమ్ములను విడువలేదు. తెలుగునాట ఎముకల వ్యాధులపై పరిశోధన ప్రారంభమై తొంబై ఏండ్లు కావచ్చినది. ఆ చరిత్ర చెప్పేవారు వైద్యుల పేర్లు చెప్పుతారు. వారు కనుగొన్న సత్యాలు చెప్పుతారు. అది న్యాయమే. కాని సీసా మీద చీటీ అంటించినది ఎవరు? ఆ చీటీ మీది అంకెను రోగి పేరుకు ఎదురుగా చిట్టాలో ఎక్కించినది ఎవరు? ఒక ఊరి నీటిని, ఒక మనిషి వెన్నెముకను, దూరాన ఉన్న ప్రయోగశాలను ఒకే దారంతో కట్టినది ఎవరు? నలుగురు పండితులు, నాలుగు సంస్థలు కలిసి చేసే పరిశోధనకు ఆధారంగా నిలిచేది ఈ కచేరీ పనియే. నేటి మా ప్రసంగం ఆ పనిని గురించినది.

మన దేశంలో వైద్య పరిశోధనకు ఒక కచేరీ అంటూ ఏర్పడినది 1911లో. దానికి ఇండియన్ రీసెర్చ్ ఫండ్ అసోసియేషన్ అని పేరు. ఏదైనా వ్యాధిని గురించి ప్రశ్న పుట్టినప్పుడు, ఆ ప్రశ్నకు పరిమితమైన ఒక విచారణకు డబ్బు మంజూరు చేయడం, దాని నివేదిక తెప్పించుకొనడం ఆనాటి పద్ధతి. 1918లో నీలగిరులలోని కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి వ్యాధిపై ఆరంభించిన విచారణ అటువంటిదే. పాశ్చర్ ఇన్‌స్టిట్యూటులోని ఒక్క గదిలో మొదలైన ఆ పని ముందుముందు పోషణ పరిశోధనాలయంగా ఎదిగినది. ఒక గది, కొంత ధనం, ఒక ప్రశ్న, క్రమం తప్పక వ్రాసే లెక్క – ఇంతకంటె గొప్ప సంభారంతో మన దేశంలో పరిశోధన ప్రారంభం కాలేదు.

ఇక ఎముకల కథ. అది మనుషులకంటె ముందు పశువులతో మొదలైనది. నాటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి ప్రాంతాల రైతులు తమ ఎద్దులు కీళ్లు బిగిసి నడవలేకపోవడం గమనించినారు. కొంతకాలానికి అదే బిగువు మనుషుల నడుములలోను, మెడలలోను కనబడినది. నడివయస్సు దాటకముందే మనిషి మెడ తిప్పలేడు. ప్రక్కనున్న వానిని చూడవలెనంటే ఒళ్లంతా తిరుగవలె. పిల్లల పండ్ల మీద సుద్దవంటి తెల్లని మచ్చలు, గోధుమరంగు చారలు. వాతమని కొందరు, పూర్వజన్మ కర్మమని కొందరు సరిపెట్టుకొన్నారు.

1937లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్ అనే పత్రికలో మద్రాసు రాజధానిలోని ఈ వ్యాధిని గురించి ఒక వ్యాసం వెలువడినది. మనుషులలో ఎముకలను పట్టే ఫ్లోరోసిస్ మన దేశంలో ఉన్నదని లోకానికి తెలిపినది ఆ వ్యాసమే. దాని మీద నలుగురి పేర్లు ఉన్నవి: షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, మన్నాడి నాయర్. షార్ట్ గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూటుకు చెందినవాడు. 1948లో లండనులో గార్న్‌హామ్‌తో కలిసి, మలేరియా క్రిమి మనిషి కాలేయంలో దాగియుండే దశను కనుగొన్నది ఈయనే. బర్నార్డ్ ఎక్సరే విద్యలో ప్రవీణుడు. మద్రాసులోని రేడియాలజీ సంస్థకు ఆయన పేరే పెట్టినారు. నీటిని పరీక్షించే చేయి ఒకటి, రోగిని పరీక్షించే చేయి ఒకటి, ఎముక నీడను చదివే కన్ను మరొకటి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకున్నా ఆ వ్యాసం లేదు.

ఈ మూడు విద్యలను కలుపడంలో ఎంత లెక్క ఉన్నదో శ్రోతలు ఒక్క క్షణం ఊహించవలె. ఫ్లోరైడు అనే పదార్థం రాతిలో పుట్టి నీటిలో కరుగుతుంది. త్రాగిన నీటితో ఒంటిలో ప్రవేశించి, ఏండ్ల తరబడి ఎముకలో పేరుకొంటుంది. కండరాన్ని ఎముకకు, ఎముకను ఎముకకు కట్టియుంచే మెత్తని నారలు సైతం సున్నం పట్టి గట్టిపడుతవి. వెన్నుపూసలు ఒకదానితో ఒకటి అతుకుకొనిపోయి, లోపలి వెన్నుపామును నొక్కితే కాళ్లు చచ్చుబడుతవి. ఇదంతా ఒక నెలలోనో, ఒక సంవత్సరంలోనో జరిగేది కాదు. కాబట్టి మనిషికి ఎన్నేండ్లు అని అడిగితే చాలదు. ఏ ఊరిలో ఎన్నేండ్లు, ఏ బావి నీరు ఎన్నేండ్లు అని అడుగవలె.

పండ్లు కథ ఒకటి చెప్పుతవి, ఎముకలు వేరొకటి చెప్పుతవి. శాశ్వతమైన పండ్లు తయారయ్యేది బాల్యంలో. అందుచేత పండ్ల మీది మచ్చ పుట్టినింటి బావికి సాక్ష్యం. ఎముక జీవితమంతా మారుతూనే ఉంటుంది గనుక, నడివయస్సులో బిగిసిన నడుము మెట్టినింటి బావికి సాక్ష్యం. మంచి నీటి ఊరినుండి ఈ ప్రాంతానికి కోడలై వచ్చిన ఒక స్త్రీకి తెల్లని పండ్లు, వంగని నడుము రెండూ ఉండవచ్చును. ఆమె పుట్టిన ఊరి పేరు వ్రాసుకొనని చిట్టా, వైద్యుని తప్పుదారి పట్టిస్తుంది. ఊరి పేరు వ్రాసుకొనడం గుమాస్తా పని అని తేలికగా అంటాము. కాని వ్యాధి కారణం దొరికేది ఆ గడిలోనే.

ఆ రోజులలో ఊరి జనం లెక్క, భూమి లెక్క కరణం వద్ద ఉండేవి. బయటినుండి వచ్చిన ఏ విచారణకైనా ఊరిలో మొదటి మెట్టు ఆయన అరుగే. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ ఉద్యోగాలను రద్దుచేయువరకు ఆ కట్టు అట్లానే సాగినది. ఎక్సరే యంత్రాలు పల్లెలలో లేవు. రసాయన పరీక్షలు పల్లెలలో లేవు. పల్లెలో ఉన్నది మనిషి, బావి, కరణం దస్త్రం. తక్కినదంతా నగరంలో ఉన్నది. ఈ రెంటి నడుమ నడిచినవి కాగితాలే.

1940లో పండిట్, రాఘవాచారి, రావు, కృష్ణమూర్తి మరొక వ్యాసం ప్రకటించినారు. పిల్లల పండ్లలో మచ్చలకు, పెద్దల ఎముకలలో తీవ్రమైన మార్పులకు దారితీసే కారణాలను వారు విచారించినారు. నీటిలోని ఫ్లోరైడు ఒక్కటే కాదు, తినే తిండిలోని లోపం కూడ వ్యాధిని ముదురజేస్తుందని వారి విచారణ సూచించినది. అనగా ఒకే బావి నీరు త్రాగినా, పేదవాని నడుము ముందుగా వంగుతుంది. నీటి లెక్కకు ప్రక్కన తిండి లెక్క కూడ వ్రాయడంచేతనే ఈ మాట అనగలిగినారు.

ఈ పండిట్ గారి తరువాతి జీవితం మా ప్రసంగానికి మిక్కిలి అవసరం. చింతామణ్ గోవింద్ పండిట్ 1948లో దేశమంతటి వైద్య పరిశోధన నిర్వహణకు అధిపతి అయినారు. 1949లో పాత అసోసియేషను పేరు భారత వైద్య పరిశోధన మండలిగా మారినది. 1964 వరకు ఆయన ఆ బాధ్యత వహించినారు. ఎక్కడ ఏ విచారణకు ధనం ఇవ్వవలె, ఏ ప్రయోగశాలను ఎక్కడ నెలకొల్పవలె అనే తీర్మానాలు చేసే పీఠం మీద, మన మెట్ట పల్లెల ఫ్లోరోసిస్‌ను పరిశోధించిన మనిషి కూర్చున్నాడన్నమాట. ఆయన కాలంలోనే, 1958లో, కూనూరులోని పోషణ పరిశోధనాలయం హైదరాబాదుకు తరలివచ్చి, ఉస్మానియా విశ్వవిద్యాలయం సరసన స్థిరపడినది. 1969లో దానికి జాతీయ పోషకాహార సంస్థ అనే పేరు వచ్చినది. కొండల మీది చల్లని ఊరినుండి దక్కను పీఠభూమి నడిమికి ఆ సంస్థ దిగిరావడంతో, జొన్నకూడు తినే పల్లెలకు అది పొరుగిల్లు అయినది.

ఆ పొరుగుదనం ఫలించడానికి ఎక్కువ కాలం పట్టలేదు. నల్లగొండ జిల్లాలో ఫ్లోరోసిస్ ఉన్నదని 1955లోనే సిద్దీఖీ అనే వైద్యుడు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించియున్నాడు. 1973లో జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి మరొక వింతను లాన్సెట్ పత్రికలో వెల్లడించినారు. ఫ్లోరైడు ఉన్న పల్లెలలో కొందరు ఎదిగే వయస్సు పిల్లలకు మోకాళ్లు ఒకదానినొకటి రాచుకొని, పాదాలు ఎడమైపోయి, నడక చెడినది. ఫ్లోరోసిస్‌లో ఎముక బరువెక్కి గట్టిపడుతుందని అంతవరకు అందరూ ఎరుగుదురు. ఈ పిల్లలలోనో, వెన్నెముక గట్టిపడుతూనే, కాలిఎముకలు గుల్లబారుతున్నవి. ఎముక గుల్లబారడాన్నే వైద్యులు ఆస్టియోపొరోసిస్ అంటారు. అది ముసలితనపు రోగమని లోకం అనుకొంటున్న కాలంలో, నల్లగొండ పల్లెలో పదిహేనేండ్ల పిల్లవాని కాలిలో అది కనబడినది.

దీనికి కారణం వెదకడంలో పరిశోధకులు వైద్యశాల దాటి పొలంలోకి నడిచినారు. ఆ పల్లెల జొన్నలో మాలిబ్డినం అనే లోహం పాలు ఎక్కువగా ఉన్నదని, అది ఒంటిలోని రాగికి ఎసరు పెట్టి ఎముకను బలహీనపరచవచ్చునని వారు ఊహించినారు. 1967లో నాగార్జునసాగరంలో నీరు నిలిచిన పిమ్మట చుట్టుపట్ల భూగర్భజలం పైకి లేచి, నేల గుణం మారియుండవచ్చునని కూడ తలచినారు. ఈ ఊహలో ఎంత భాగం నిలిచినదన్న చర్చను అట్లుంచి, ఆ దస్త్రం ఎన్ని కచేరీల గుమ్మాలు ఎక్కవలసి ఉన్నదో గమనించండి. నీరు నీటిపారుదల శాఖది. నేల, గింజ వ్యవసాయ శాఖవి. పిల్లవాడు ఆరోగ్య శాఖవాడు. ఎముక మాత్రం ఏ శాఖదీ కాదు. అన్ని శాఖల పనులూ వచ్చి దానిలోనే జమ అవుతవి. శాఖకు శాఖకు నడుమ ఉత్తరం నడిపే మనిషి లేకపోతే, అటువంటి వ్యాధికి కారణం ఎన్నడూ దొరకదు.

ఉత్తరాలు సముద్రాలు దాటకపోతే జరిగే నష్టానికి మరొక నిదర్శనం ఉన్నది. 1960 తరువాత పాశ్చాత్య దేశాలలో కొందరు వైద్యులు, ఫ్లోరైడు ఎముకను గట్టిపరుస్తుంది గదా అని, గుల్లబారిన ఎముకలకు దానినే మందుగా ఇచ్చి చూచినారు. 1990లో అమెరికాలోని మేయో క్లినిక్కుకు చెందిన రిగ్స్, ఆయన సహచరులు నాలుగేండ్ల పరీక్ష ఫలితాన్ని ప్రకటించినారు. ఫ్లోరైడు మందు తిన్న స్త్రీల వెన్నెముక సాంద్రత బాగా పెరిగినది; అయినా వెన్నుపూస విరుగుట తగ్గకపోగా, కాలుచేతుల ఎముకలు విరుగుట ఎక్కువైనది. బరువైన ఎముక బలమైన ఎముక కాదని తేలినది. ఈ సత్యాన్ని నెల్లూరు మెట్టలోని మనుషులు అరువదేండ్లుగా తమ ఒంటిమీద మోస్తూనే ఉన్నారు.

ఇక గుల్లబారే ఎముకల విచారణ మన ప్రాంతంలో ఎట్లా సాగినదో చూతము. 2005లో జాతీయ పోషకాహార సంస్థకు చెందిన వీణా శత్రుఘ్న, ఆమె సహచరులు, 30 నుండి 60 ఏండ్ల వయస్సుగల 289 మంది పేద స్త్రీల ఎముకలను కొలిచి ఫలితాన్ని ప్రకటించినారు. తొడఎముక మెడవద్ద నూటికి 29 మందిలో ఎముక గుల్లబారియున్నది. ధనిక దేశాలలో వార్ధక్యంలో వచ్చే స్థితి, మన శ్రమజీవులైన స్త్రీలకు ఇంకా బిడ్డల పెండ్లిండ్లు కాకముందే వస్తున్నదన్నమాట. తక్కువ తిండి, సున్నం పాలు తక్కువైన తిండి దీనికి మూలంలో ఉన్నవి.

దీర్ఘకాలపు సహకార పరిశోధనకు ఉదాహరణ కావలెనంటే హైదరాబాదు చుట్టుపట్ల 29 పల్లెలలో జరిగినది చెప్పవలె. 1987 మొదలు 1990 వరకు, కొన్ని పల్లెలలో గర్భిణులకు, చిన్నపిల్లలకు అదనపు పోషకాహారం అందించి, తక్కిన పల్లెలతో పోల్చిచూచినారు. ఆనాడు పుట్టిన పిల్లలను 2003 ప్రాంతంలో తిరిగి వెదకిపట్టుకొని, ఎత్తు, బరువు కొలిచినారు. తరువాత కూడ ఆ పని సాగి, ఎముక సాంద్రతను సైతం కొలిచినారు. జాతీయ పోషకాహార సంస్థ, లండనులోని పరిశుభ్రత, ఉష్ణమండల వైద్య విద్యాలయం మొదలగునవి ఇందులో భాగస్వాములు.

పదిహేనేండ్ల నాటి చిట్టాలోని ఒక పసిబిడ్డను ఎట్లా వెదకుతారు? బడిలో పేరు మారియుండవచ్చును. ఇంటి పేరు ఒకే తీరున వ్రాసియుండరు. ఆడపిల్ల పెండ్లి చేసుకొని వేరే ఊరికి వెళ్లియుండవచ్చును. తండ్రి కూలికి పట్నం చేరియుండవచ్చును. పొదిలిలో పుట్టినింటి బావిని అడిగిన ప్రశ్నయే ఇక్కడ మరొక రూపంలో ఎదురైనది. ఎముక సాంద్రతను కొలిచే డెక్సా అనే యంత్రం రెండు శక్తుల ఎక్సరే కిరణాలతో పని చేస్తుంది. దాని కొలత కొంచెం జారినా ఏండ్ల శ్రమ వ్యర్థమే; అందుచేత రోజూ ఒక తెలిసిన నమూనాను దాని క్రింద ఉంచి సరిచూచి, ఆ అంకెను పుస్తకంలో వ్రాయవలె. ఈ పుస్తకం వ్రాసేవారి పేర్లు పత్రికలలోని వ్యాసాల మీద సాధారణంగా కనబడవు. కాని ఆ వ్యాసంలోని ప్రతి అంకెకు వారే పూచీ.

పరిశోధన ఫలితం పత్రికకు చేరడంతో కచేరీ పని ముగిసినట్లేనా? అక్కడనే అవ్వ ప్రశ్న మళ్లీ ఎదురు నిలుస్తుంది. భారత వైద్య పరిశోధన మండలి 1980లో, మనుషులపై జరిపే పరిశోధనలో పాటించవలసిన నీతిని గురించి ఒక ప్రకటన చేసినది. 2000లో, 2006లో, 2017లో దానిని విస్తరించి నియమావళులు వెలువరించినది. మనిషికి విషయం విప్పిచెప్పి సమ్మతి తీసుకొనవలెనని, పరిశోధనవల్ల కలిగే మేలు పాల్గొన్నవారికి అందవలెనని వాటి సారం. నియమం కాగితం మీద ఉన్నది. దానిని పల్లె వరకు మోసుకొనిపోవడం మరల మనిషి పనియే.

మేలు అందిన సందర్భాలు లేకపోలేదు. 1970 దశకంలో నాగపూరులోని జాతీయ పర్యావరణ సాంకేతిక పరిశోధన సంస్థ, పటిక, సున్నం, బ్లీచింగు పొడి కలిపి నీటిలోని ఫ్లోరైడును అడుగుకు దించే ఒక పద్ధతిని రూపొందించినది. దానికి నల్లగొండ పద్ధతి అని పేరు. తెలుగు జిల్లా పేరు, అక్కడి ప్రజల బాధ కారణంగా, ప్రపంచంలోని నీటి గ్రంథాలకు ఎక్కినది. అయినా ఆ పద్ధతికి కూడ చిట్టా కావలె. ఏ రోజు ఎంత పటిక వేసినది, అడుగున మిగిలిన మడ్డిని ఎక్కడ పారబోసినది ఎవరో ఒకరు రోజూ చూడవలె. చూచేవారు లేనిచోట తొట్టి ఎండిపోతుంది; జనం తిరిగి పాత బావికే పోతారు.

అనంతపురం జిల్లాలో కూడ ఫ్లోరైడు బాధ పాతదే. వాన తక్కువ, భూగర్భజలం నానాటికి లోతుకు. బోరు లోతైనకొలది నీరు రాతితో ఎక్కువ కాలం కాపురం చేసినదే వస్తుంది. నల్లరాతి నేలలో, సున్నం పాలు తక్కువైన చవుటి నీటిలో ఫ్లోరైడు సులభంగా నిలుస్తుంది. సున్నం మెండుగా ఉన్న నీటిలో అది అంతగా కరుగలేదు. అందుచేత యాడికి వంటి సున్నపురాతి నేల నీటికి, పడమటి రాతి నేల నీటికి లక్షణం ఒకటి కాదు. కుండకు పట్టిన తెల్లని గారను చూచి నీరు చెడ్డదనడం, తేటగా ఉన్నదని నీరు మంచిదనడం రెండూ పొరపాటే. కంటికి కనబడనిదానిని చెప్పగలిగినది పరీక్ష ఒక్కటే. లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఫ్లోరైడు మేలని, వేరే దారి లేనప్పుడు 1.5 వరకు ఓర్వవచ్చునని మన దేశపు ప్రమాణం. 1995 ప్రాంతంలో శ్రీ సత్యసాయి సంస్థ జిల్లాలో 700కు పైగా గ్రామాలకు త్రాగునీటి పథకం నిర్మించినది. దశాబ్దాల పరిశోధన చెప్పిన మాటకు గొట్టం వేసి ఇచ్చిన సమాధానం అది.

అవ్వ అడిగినది మందు కాదు, డబ్బు కాదు. తన బావినుండి తీసుకొనిపోయిన సీసాలో ఏమి ఉన్నదో చెప్పమన్నది. పొదిలి నాటినుండి నేటివరకు సాగిన పని అంతటిలోను, పల్లెనుండి నగరానికి వెళ్లిన కాగితం మెండు. నగరంనుండి పల్లెకు తిరిగి వచ్చిన కాగితం కొరత. చిట్టాలో పేరు, ఊరు, బావి అనే గడుల ప్రక్కన మరొక గడి ఉండవలెనని మాకు తోచుచున్నది: ఫలితం ఎవరికి, ఏ తేదీన, ఎవరి నోట చెప్పినాము అని. ఆ గడి నిండనిదే ఏ విచారణకూ ముగింపు ముద్ర వేయరాదు.

రేడియో ఈ విషయంలో చేయదగిన పని కొంత ఉన్నది. శ్రోతలకు మా మనవి ఇది. మీ ఊరికి నీరు పట్టుకొనడానికి, నెత్తురు తీయడానికి, ఎముక కొలవడానికి ఎవరైనా వచ్చినప్పుడు ఆదరంగా సహకరించండి. వారి పని లేనిదే ఈ చరిత్ర లేదు. వారు చిట్టాలో మీ పేరు వ్రాసుకొనునప్పుడు, మీ పుస్తకంలో వారి కచేరీ పేరు, తేదీ, సీసా మీది అంకె మీరూ వ్రాసుకొనండి. ఆరు మాసాలకు ఒక కార్డు ముక్క వ్రాసి, ఏమి తేలినదని అడుగండి. అవ్వ అడిగిన తీరుననే అడుగండి.